అర్ధరాత్రి పళ్ళెం, మధ్యాహ్నపు నిర్ణయం

(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది సభలో తిండి జబ్బును గురించి మాట్లాడడం కొందరికి వింతగా తోచవచ్చు. పచ్చడి పంచిన గిన్నెలు ఇంకా కడగలేదు. పక్క గదిలోనుంచి పులిహోర వాసన వస్తూనే ఉంది. అయినా "యువతరానికి పనికివచ్చే విషయం ఏదైనా చెప్పండి" అని కార్యవర్గం వారు కోరినప్పుడు మాకు ఇదే తోచింది. ముప్పై యేళ్ళకు పైగా సెకండరీ స్కూలులో పాఠాలు చెప్పినవాళ్ళం. మా తాతలు ఓడ దిగి మలయా తోటల్లోకి వచ్చారు. మేము మూడో తరం వాళ్ళం. మాది సాయంకాలపు తరగతుల్లో నేర్చుకొన్న తెలుగు. అందుచేత పెద్ద పెద్ద మాటల జోలికి పోకుండా, తేలిక మాటల్లోనే చెబుతాము.

చెప్పదలచుకొన్నది ఒక్కటే. మన పిల్లల్లో కొందరు రాత్రివేళ, ఒంటరిగా, అదుపు తప్పి తింటారు. చూసినవారు దానిని తిండిపోతుతనం అంటారు, మనసు గట్టిది కాదంటారు. అర్ధరాత్రి పళ్ళెం ముందు కనబడేది ఆ క్షణాన పుట్టింది కాదు. పగలంతా వాయిదా వేసిన నిర్ణయాలు, ఇతరులకు వదిలివేసిన నిర్ణయాలు, దుఃఖంలోనో కోపంలోనో తీసుకొన్న నిర్ణయాలు, అన్నీ కలిసి రాత్రికి ఆ పళ్ళెం దగ్గరకు చేరుకొంటాయి. కాబట్టి దీనికి మందు రాత్రి తిట్టడంలో లేదు. పగలు నేర్చుకోవడంలో ఉంది, పగలు నేర్పడంలో ఉంది.

ముందుగా దేనిని గురించి మాట్లాడుతున్నామో తేల్చుకొందాం. పెళ్ళి విందులో కడుపు బరువెక్కేదాకా తినడం జబ్బు కాదు. దీపావళినాడు మురుకుల డబ్బా ఖాళీ చేయడం కూడా జబ్బు కాదు. వైద్యులు బింజ్ ఈటింగ్ అని పిలిచేదానికి రెండు గుర్తులు ఉండాలి. ఒకటి, కొద్దిసేపట్లో, అంటే సుమారు రెండు గంటల లోపల, అదే పరిస్థితిలో ఇతరులు తినేదానికన్నా స్పష్టంగా ఎక్కువ తినడం. రెండవది, ఇదే అసలైన గుర్తు, తింటున్నంతసేపూ "ఆపుదామన్నా ఆపలేకపోతున్నాను" అనే భావం ఉండడం. వీటి వెంట మరికొన్ని వస్తాయి. మామూలుకన్నా గబగబా తినడం, ఆకలి లేకపోయినా తినడం, కడుపు నొప్పెట్టేదాకా తినడం, సిగ్గుచేత ఒంటరిగా తినడం, తిన్న తరువాత తన మీద తనకే అసహ్యం కలగడం. వీటిలో కనీసం మూడైనా ఉండి, ఇటువంటి తిండి వారానికి ఒకసారైనా మూడు నెలలపాటు సాగి, ఆ మనిషిని బాధపెడుతుంటే వైద్యులు దానిని జబ్బుగా లెక్కిస్తారు. తిన్నది కక్కివేయడం వంటి పనులు వెంట ఉంటే అది వేరొక జబ్బు, దానికి వేరే పేరు.

ఆల్బర్ట్ స్టంకర్డ్ అనే అమెరికా వైద్యుడు 1959లోనే ఈ తీరును గమనించి రాశారు. అయినా అమెరికా మానసిక వైద్యుల సంఘం వారి గ్రంథంలో దీనికి వేరు జబ్బుగా స్థానం దొరికింది 2013లో మాత్రమే. నడుమ యాభై నాలుగేళ్ళు గడిచాయి. అంతకాలం ఎంతమంది బిడ్డలు "నీకు నోటి అదుపు లేదు" అన్న మాట విని తల దించుకొని ఉంటారో ఆలోచించండి. పంచాంగంలో ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అని నాలుగు లెక్కలు చదువుతారు. ఈ జబ్బులో వ్యయం కన్నా అవమానం లెక్క చాలా పెద్దది.

ఇది ఎక్కువగా పదిహేడు, పద్దెనిమిది మొదలుకొని ఇరవైల నడుమ బయటపడుతుంది. అంటే సరిగ్గా బిడ్డ ఇల్లు విడిచి కాలేజీకో ఉద్యోగానికో వెళ్ళే వయసు. అంతవరకూ ఏం తినాలో, ఎప్పుడు తినాలో అమ్మ చూసుకొంది. ఆ తరువాత ఒక్కసారిగా అన్నీ తనే చూసుకోవాలి.

ఇక్కడ మన తోటల చరిత్రను ఒకమారు తలచుకోవాలి. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపునుండి వచ్చిన మన పెద్దలు బాగాన్ దాతో కొబ్బరి తోటల్లో, పేరా, కెడా, జొహోర్ రబ్బరు తోటల్లో పని చేశారు. వారికి తిండి విషయంలో నిర్ణయం అనే మాటే లేదు. తెల్లవారకముందే హాజరు పట్టీ. చల్లని వేళలోనే రబ్బరు పాలు బాగా కారుతాయి కాబట్టి చెట్టు దగ్గరకు చీకటితోనే చేరాలి. పని ముగిసిందాకా తిండి లేదు. ఏం తినాలన్నది తోట కొట్టులోని అరువు పుస్తకం చెప్పేది. ఎప్పుడు తినాలన్నది తోట గంట చెప్పేది. ఎంత తినాలన్నది కుండలో ఉన్న అన్నమే చెప్పేది.

1941 డిసెంబరులో జపాను సైన్యం దిగింది. 1945 దాకా బియ్యానికి కటకట. తోటల్లో జనం కర్రపెండలం ఉడికించుకొని ప్రాణాలు నిలుపుకొన్నారు. ఉబి కాయు అంటే ఈనాటికీ ముఖం తిప్పుకొనే ముసలివాళ్ళు కొన్ని ఇళ్ళలో ఉన్నారు. ఆ కరువు చూసినవారు, వారి ఒడిలో పెరిగినవారు, బిడ్డ కంచంలో మరో గరిటె వేయడమే ప్రేమ అని నమ్మారు. అడగందే అమ్మైనా పెట్టదని సామెత. మన ఇళ్ళలో మాత్రం అడగకుండానే పెడతారు, వద్దన్నా పెడతారు. ఆ ప్రేమను మేము తక్కువ చేయడం లేదు. కరువునాటి ఆ అలవాటు కలిమినాటి ఇంట్లో ఏం చేస్తుందో చూడమంటున్నాము.

ఎందుకంటే కాలం మారింది. కౌలాలంపూర్‌లో ఇరవై యేళ్ళ బిడ్డకు గంట కొట్టేవారు లేరు, అరువు పుస్తకం లేదు. మామక్ కొట్టు ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది. రొట్టి చనాయ్, మీ గోరెంగ్, నాసి లెమాక్, తే తారిక్, ఏది కావాలంటే అది, ఏ వేళకంటే ఆ వేళకు. కొట్టుదాకా నడవనక్కరలేదు, ఫోను మీద వేలు పెడితే మోటారు సైకిలు గుమ్మంలోకి వస్తుంది. తాతకు రోజుకు ఒక్క నిర్ణయమూ లేదు. మనవడికి రోజుకు ఎన్నో నిర్ణయాలు. నిర్ణయం తీసుకోవడం అనే విద్యను మాత్రం ఈ రెంటి నడుమ ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు.

మన దేశంలో 2023లో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్ళలో 54.4 శాతం మంది అధిక బరువో స్థూలకాయమో ఉన్నవారు. 15.6 శాతం మందికి మధుమేహం ఉంది. ఈ లెక్కలు వినగానే "అయితే పిల్లలను కట్టడి చేయాలి" అనిపిస్తుంది. కొంచెం ఆగండి. లావుగా ఉన్నవారందరికీ ఈ జబ్బు లేదు. సన్నగా ఉన్నవారిలో కూడా ఈ జబ్బు ఉంటుంది. కట్టడి సంగతి తరువాత చూద్దాం.

ఇప్పుడు నిర్ణయాల సంగతికి వద్దాము. మనుషులు నిర్ణయాలు తీసుకొనే తీరును 1995లో సుజాన్ స్కాట్, రెజినాల్డ్ బ్రూస్ అనే ఇద్దరు పరిశోధకులు అయిదు రకాలుగా విభజించారు. మొదటిది, మంచి చెడ్డలు తూచి నిర్ణయించడం. రెండవది, మనసుకు తోచినదాన్ని నమ్మడం. మూడవది, ఇతరుల సలహా లేనిదే అడుగు వేయకపోవడం. నాలుగవది, నిర్ణయాన్ని వీలైనంత వాయిదా వేయడం, తప్పించుకోవడం. అయిదవది, అప్పటికప్పుడు తటాలున తేల్చివేయడం. ఇవి అయిదు జాతుల మనుషులు కారు. ఒకే మనిషిలో అయిదూ ఉంటాయి. ఏది అలవాటుగా మారిందన్నదే ప్రశ్న.

ఒక అమ్మాయిని ఊహించుకొందాం. ఎవరి ఇంటి బిడ్డా కాదు, ఏ ఇంటి బిడ్డయినా కావచ్చు. కాలేజీలో రెండో సంవత్సరం. నిన్న రాత్రి ఎక్కువ తిన్నానన్న బాధతో ఈ ఉదయం ఏమీ తినలేదు. అది ఆలోచించి తీసుకొన్న నిర్ణయం కాదు, తనకు తాను వేసుకొన్న శిక్ష. మధ్యాహ్నం స్నేహితురాళ్ళు "ఎక్కడ తిందాం?" అంటే "మీ ఇష్టం" అంది. వారు వెళ్ళినచోట తనకు నచ్చినది లేదు. ఒక ఐసు టీ తాగి ఊరుకొంది. అప్పగించవలసిన వ్యాసం ఒకటి ఉంది. "రాత్రికి చూద్దాం" అనుకొంది. సాయంకాలం ఇంటినుంచి ఫోను. "ఏమ్మా, మొన్న ఫొటోలో బాగా లావుగా కనబడ్డావు" అన్నారు పెద్దమ్మ. "అవును పెద్దమ్మా" అని నవ్వి ఫోను పెట్టేసింది. రాత్రి పదకొండు అయింది. వ్యాసం మొదలు కాలేదు. కడుపులో ఆకలి, మనసులో ఆ మాట, చేతిలో ఫోను.

చూసేవారికి ఆమె ముందు ఉన్నది ఒక్క నిర్ణయమే అనిపిస్తుంది: తినడమా, మానడమా. నిజానికి ఆ గంటకు ఆ అమ్మాయి చేతిలో నిర్ణయించే బలం మిగిలి లేదు. ఉదయపు నిర్ణయం శిక్షగా మారింది. మధ్యాహ్నపు నిర్ణయం స్నేహితురాళ్ళకు పోయింది. సాయంకాలపు నిర్ణయం వాయిదా పడింది. మిగిలింది అయిదవ రకమొక్కటే, తటాలున చేయడం. ఆకలి రుచి ఎరగదన్నారు పెద్దలు. ఆకలికి దుఃఖం తోడైతే లెక్క కూడా తెలియదు.

ఇది మా ఊహ మాత్రమే కాదు. మనసు బాగులేనప్పుడు ముందు వెనుక చూడకుండా పని చేసే స్వభావం ఉన్నవారిలో ఇటువంటి తిండి ఎక్కువగా కనబడుతుందని పరిశోధకులు మళ్ళీ మళ్ళీ చూశారు. 1991లో టాడ్ హెదర్టన్, రాయ్ బౌమైస్టర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక వివరణ ఇచ్చారు. తన మీద తనకు పెద్ద ఆశలుండి, వాటికి తగనని బాధపడే మనిషి ఆ ఆలోచననుంచి పారిపోవడానికి తిండిలో తల దాచుకొంటాడని దాని సారం. తింటున్నంతసేపు మనసు నోటి దగ్గరే ఉంటుంది. రేపటి పరీక్ష, పెద్దమ్మ మాట, అద్దంలో ముఖం, ఏవీ గుర్తుండవు. నిర్ణయాలను తప్పించుకొనే అలవాటుకూ దీనికీ చుట్టరికం ఇక్కడే ఉంది. రెండూ పారిపోవడాలే.

మరొక పరీక్ష ఉంది. 1994లో ఆంటోయిన్ బెషారా, ఆంటోనియో దమాసియో, వారి సహచరులు తయారు చేసిన పేకముక్కల ఆట అది. నాలుగు కట్టలు. రెండు కట్టల్లో పెద్ద లాభాలు వస్తాయి, అంతకన్నా పెద్ద నష్టాలూ వస్తాయి. మిగిలిన రెంటిలో చిన్న లాభాలు, ఇంకా చిన్న నష్టాలు. ఆడగా ఆడగా చాలామంది చిన్న లాభాల కట్టలకు మళ్ళుతారు. అదుపు తప్పి తినే జబ్బు ఉన్నవారిలో ఈ మళ్ళడం తక్కువగా ఉందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. అన్ని అధ్యయనాలూ ఒకే మాట చెప్పలేదు. రేపటి మేలుకన్నా ఈ క్షణపు సుఖానికి ఎక్కువ విలువ ఇచ్చే తీరు వీరిలో సగటున ఎక్కువన్నది మాత్రం పలుచోట్ల కనబడింది.

అయితే ఒక హెచ్చరిక చెప్పాలి. రెండు విషయాలు కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేము. నిర్ణయాల తీరు చెడి తిండి అదుపు తప్పిందా, తిండి అదుపు తప్పి, నిద్ర చెడి, ఆత్మగౌరవం తగ్గి నిర్ణయాల తీరు చెడిందా? రెండు దారులూ నిజమే కావచ్చు. కుటుంబ లక్షణాలు, దుఃఖం, ఆందోళన, చిన్ననాడు పడ్డ ఎగతాళి, ఇవన్నీ కూడా ఇందులో పాలు పంచుకొంటాయి. కాబట్టి "నీ నిర్ణయాలు బాగా లేవు, అందుకే ఇలా అయ్యావు" అని బిడ్డను నిందించడానికి ఈ ప్రసంగాన్ని వాడుకోవద్దని తల్లిదండ్రులకు ప్రత్యేకంగా మనవి. చక్రం ఎక్కడ మొదలయిందన్నది ముఖ్యం కాదు. ఎక్కడ పట్టుకొని ఆపగలమన్నది ముఖ్యం.

ఇప్పుడు కట్టడి సంగతి. లావయ్యామని భయపడిన యువకులు మొదట చేసే పని భోజనం మానడం. "ఇక అన్నం ముట్టను, తీపి ముట్టను" అని ఒట్టు పెట్టుకోవడం. ఇది గట్టి నిర్ణయంలా కనబడుతుంది. ఫలితం చూడండి. 1975లో పీటర్ హెర్మన్, డెబొరా మాక్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థినులతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి ముందుగా మిల్క్ షేక్ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. తరువాత రుచి చూసి చెప్పమని ఐస్ క్రీం పెట్టారు. మామూలుగా తినే అమ్మాయిలు మిల్క్ షేక్ తాగి ఉంటే ఐస్ క్రీం తక్కువ తిన్నారు. ఇది సహజం. ఎప్పుడూ నోరు కట్టుకొని ఉండే అమ్మాయిలు మాత్రం మిల్క్ షేక్ తాగిన తరువాత ఐస్ క్రీం మరింత ఎక్కువ తిన్నారు. నియమం ఎలాగూ తప్పింది, ఇక ఎంత తింటే ఏమన్న ఆలోచన. శాస్త్రజ్ఞులు దానికి ఏ పేరు పెట్టినా మన వాళ్ళు ఏనాడో ఒక్క మాటలో చెప్పారు: నిండా మునిగినవాడికి చలేమిటి!

యువతీయువకులారా, ఈ సామెతను ఒక్కసారి పరీక్షించండి. నడుం లోతు నీటిలో ఉన్నవాడు "మునిగిపోయానుగా" అనుకొని నడి ఏటికి నడుస్తాడా? గట్టుకు తిరుగుతాడు. ఒక లడ్డు తిన్నవాడు ఒక లడ్డే తిన్నాడు. పది తిననక్కరలేదు.

మరొక ప్రయోగం. మన వాళ్ళు ఇక్కడ కర్రపెండలంతో కాలం గడుపుతున్న ఆ రోజుల్లోనే, 1944 చివరినుండి 1945 దాకా, అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు ముప్పై ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులను, వారి ఇష్టపూర్వకంగానే, ఆరు నెలలపాటు అరకొర తిండి మీద ఉంచారు. యుద్ధంలో ఆకలితో ఉన్న జనానికి మళ్ళీ తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడానికి ఆ పని చేశారు. వారి బరువు సుమారు నాలుగో వంతు తగ్గింది. పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచన, వంటల పుస్తకాలు చదవడం, పళ్ళాలు నాకడం. తిండి మళ్ళీ ఇచ్చిన తరువాత వారిలో కొందరు కడుపు నిండినా ఆపలేక, విపరీతంగా తిన్నారు. వారందరూ మనోబలం ఉందని ఎంచి తీసుకొన్న యువకులే. కాబట్టి ఆకలితో మాడిన శరీరం తిండి మీద పడడం గుణదోషం కాదు. అది శరీర ధర్మం.

ఇక ఏమి చేయాలి? మొదట యువకులకు చెబుతాము.

మొదటిది, వేళకు తినండి. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ అనే ఆచార్యులు ఈ జబ్బుకు తయారుచేసిన చికిత్సలో ముఖ్యమైన మెట్టు ఇది. రోజుకు మూడు భోజనాలు, నడుమ రెండు మూడుసార్లు కొద్దిపాటి ఫలహారం. మేలుకొని ఉన్నంతసేపు నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉంచకూడదు. ఏం తినాలన్నది తరువాత; ఎప్పుడు తినాలన్నది ముందు. తోట గంట వద్దు. మీ గంట మీరే కట్టుకోండి. నిన్న రాత్రి ఎంత తిన్నా ఈ ఉదయం ఫలహారం మానవద్దు. ఇది అన్నిటికన్నా కష్టమైన నియమం, అన్నిటికన్నా అవసరమైన నియమం కూడా.

రెండవది, ఆకలి వేయకముందే నిర్ణయించుకోండి. రేపటి మధ్యాహ్నం ఎక్కడ, ఏమి తింటారో ఈ రాత్రి ఒక కాగితం మీద రాసుకోండి. పంచాంగంలో ఏడాది తిథులు ముందే రాసి పెట్టుకొంటాము కదా, ఒక్క రోజు భోజనం రాసుకోలేమా? స్నేహితులు "ఎక్కడ తిందాం?" అంటే పదిసార్లలో కనీసం అయిదుసార్లు మీరే ఒక చోటు చెప్పండి. "మీ ఇష్టం" అనడం మర్యాదే గాని, రోజంతా అదే మాట అయితే మీ ఇష్టం ఏమిటో మీకే తెలియకుండా పోతుంది.

మూడవది, జర్మనీకి చెందిన పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1999లో వివరించిన పద్ధతి. "బాగుపడతాను" అని సంకల్పం చెప్పుకొంటే చాలదు. "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అని ముందే జత కట్టుకోవాలి. "రాత్రి పదకొండుకు ఫోను మీద తిండి బొమ్మలు చూడబుద్ధి అయితే, ఫోను బల్ల మీద పెట్టి, చెల్లికి గాని స్నేహితుడికి గాని మాట్లాడి, అరగంట తరువాత మళ్ళీ ఆలోచిస్తాను." ఆ అరగంట తరువాత కూడా నిజమైన ఆకలి ఉంటే తినండి, పళ్ళెంలో పెట్టుకొని, కూర్చొని తినండి. తటాలున చేసే పనికి నడుమ కొంచెం చోటు చేయడమే ఇందులో కిటుకు.

నాలుగవది, తప్పిన రోజు. అది వస్తుంది. ఆనాడు శిక్ష వేసుకోవద్దు. ఏ వేళకు, ఏ మాట తరువాత, ఏ పని వాయిదా పడ్డ తరువాత మొదలయిందో రెండు వాక్యాలు రాసుకొని, తరువాతి భోజనం వేళకు మామూలుగా కూర్చోండి. కొన్ని వారాలు రాస్తే మీ రాత్రికి కారణమైన పగలు ఏదో మీకే కనబడుతుంది.

ఉపవాసం సంగతి అడిగేవారుంటారు. మన ఏకాదశికి మొదలూ ఉంది, ముగింపూ ఉంది. ద్వాదశినాడు పారణ చేయాలని ముందే నిర్ణయం. ఇంటిల్లిపాదీ కలిసి, దేవుడి పేర చేస్తారు. శరీరం మీద కోపంతో చేయరు. భయంతో భోజనం మానడానికి ఉపవాసమని పేరు పెట్టకూడదు. ఈ జబ్బు ఉన్నవారు మాత్రం పండుగ ఉపవాసానికి కూడా ముందుగా వైద్యుని అడగడం మంచిది.

పెద్దలకు మూడు మనవులు.

బిడ్డ గుమ్మంలో అడుగు పెట్టగానే "లావయ్యావు", "చిక్కావు" అనడం మానుదాం. మన వాళ్ళకు అది పలకరింపు. కొత్త తరానికి అది తీర్పు. పైగా ఆ మాట అన్న నోటితోనే "ఇంకో గరిటె వేసుకో" అంటే బిడ్డ ఏ మాట వినాలి? "ప్రయాణం ఎలా సాగిందమ్మా?" అని అడిగితే పలకరింపుకు లోటేమీ రాదు.

రెండవది, చిన్నప్పటినుండి చిన్న నిర్ణయాలు పిల్లల చేతికి ఇద్దాం. అయిదేళ్ళ పిల్లవాడు "చాలు నాయనమ్మా" అంటే ఆ మాటను గౌరవించండి. తన కడుపు నిండిందో లేదో తెలుసుకోవడమే మనిషి తీసుకొనే తొలి నిర్ణయాల్లో ఒకటి. దానిని రోజూ కొట్టివేస్తే ఇరవయ్యో యేట ఆ బిడ్డ "చాలు" అన్న మాటను తనలోనుంచి వినలేడు. పదేళ్ళ పిల్లకు వారానికి ఒక పూట వంట ఏదో నిర్ణయించమనండి. ఏం సబ్జెక్టు చదవాలి, ఏ కోర్సులో చేరాలి అన్న పెద్ద నిర్ణయాలు పదిహేడో యేట ఆకాశంనుంచి ఊడిపడవు. కూర ఎంచుకోవడం రాని బిడ్డకు కోర్సు ఎంచుకోవడం ఎలా వస్తుంది?

మూడవది, జబ్బును జబ్బుగా చూద్దాం. వారం వారం ఇలా జరుగుతుంటే, గదిలో దాచిన పొట్లాలు కనబడుతుంటే, బిడ్డ అందరితో కలిసి తినడం మానేస్తే, అరవకుండా పక్కన కూర్చోండి. "ఏం జరుగుతోందో చెప్పు, వింటాము" అనండి. ప్రభుత్వ ఆరోగ్య క్లినిక్‌లో వైద్యుని చూపించవచ్చు. విశ్వవిద్యాలయాల్లో సలహా విభాగాలు ఉంటాయి. ఇది నయమయ్యే జబ్బు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2017లో, ఈ జబ్బు ఉన్న పెద్దవారికి మొదట ఒక పుస్తకం ఆధారంగా, సహాయకుని తోడుతో తమకు తామే చేసుకొనే చికిత్సను సూచించింది. అది చాలనివారికి మనస్తత్వ చికిత్స. మందుబిళ్ళ ఒక్కటే చికిత్సగా ఇవ్వవద్దని కూడా చెప్పింది. పెళ్ళి సంబంధాలకు అడ్డమని దాచిపెడితే జబ్బు దాగదు, బిడ్డే దాక్కొంటుంది.

పూర్వీకుల కష్టాన్ని తలచుకోవడం ఈ సభల్లో మన ఆచారం. వారికి ఎంచుకొనే అవకాశం లేకపోయింది. ఓడ ఎక్కిన తరువాత తోట వారిది కాదు, గంట వారిది కాదు, కుండలో అన్నం కొలత కూడా వారిది కాదు. మన పిల్లలకు ఎంపిక ఉండాలనే వారు కష్టపడ్డారు. ఆ ఎంపిక ఇప్పుడు వచ్చింది, రోజుకు వందసార్లు వస్తోంది. దానిని మోసే విద్య కూడా మనమే ఇవ్వాలి. భాష నేర్పడానికి సాయంకాలపు తరగతులు పెట్టుకొన్న సంఘం మనది. ఆ తరగతుల్లోనే, అక్షరాల పక్కన, నెలకు ఒక సాయంకాలం పిల్లలచేత వంట చేయించి, ఏం వండాలో వారినే నిర్ణయించమందాం. వంకాయ ఉడికినా మాడినా పరవాలేదు. ఎంచుకొన్నది వారు, తిన్నది అందరం.

వెనుక వరుసల్లోని పిల్లలారా, ఇంతసేపు ఓపికగా విన్నారు. భోజనం సిద్ధంగా ఉంది. ఉదయం తినలేదని గబగబా తినకండి, రాత్రి మానేస్తానని ఇప్పుడు రెట్టింపు తినకండి. మీకు నచ్చినది వేసుకోండి, చాలనిపించినప్పుడు చాలనండి. వడ్డించేవారికి కూడా మా మనవి: ఆ మాట వినండి.